రంగు పోయింది సరే, చిట్టీ

చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ప్రాజెక్టు చల్లటి ప్లాస్మాతో, అంటే కరెంటుతో మెరిపించిన గాలితో, రంగునీళ్లు శుభ్రం చేయడమని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్తే నవ్వుతావు. తిరుప్పూరు దగ్గర బట్టలకు రంగు వేసే ఓ డైయింగ్ యూనిట్ ఈటీపీలో, అంటే వాడిన నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో, నేను ఏళ్ల తరబడి ఓజోన్ మిషన్ పక్కన కూర్చున్నాను. ఆ మిషన్ కడుపులో జరిగేది ప్లాస్మానే అని రిటైరయ్యాక గానీ తెలియలేదు. రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య గాజు అడ్డం పెట్టి గాలిలో కరెంటు చిమ్మించడం, 1857లో సీమెన్స్ చేసింది అదే. ఎలక్ట్రాన్లు మాత్రం వేల డిగ్రీల వేడిలో ఉంటాయి, గాలి మాత్రం అంతగా వేడెక్కదు, చల్లటి ప్లాస్మా అనేది అందుకే. కాకపోతే మా మిషన్‌లో ఓజోన్ పైపులో ప్రయాణం చేసి నీళ్లు చేరేది. నువ్వు నీటి మీదే మెరుపు పుట్టిస్తున్నావు కాబట్టి, క్షణం కూడా బతకకపోయినా రంగు అణువులను విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్ లాంటివీ నీకు పనికొస్తాయి.

మొదటి మాట ఒంటి గురించి. పేరులో చల్లదనం ఉంది కదా అని చేయి పెట్టకు. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది, ఎర్త్ రాడ్ తాకించాకే ముట్టుకో. బయటికొచ్చే గాలిని, ఓజోన్‌ను పట్టేసే పొటాషియం అయొడైడ్ నీళ్లలోంచి పోనిచ్చి, ఆ తర్వాతే ఫ్యూమ్ హుడ్‌లోకి వదులు. ఓజోన్ వాసన రావడం లేదని ధీమాగా ఉండకు, ముక్కు దానికి తొందరగా అలవాటు పడిపోతుంది. రోజంతా పనిచేసే చోట పది లక్షల వంతుల గాలిలో 0.1 వంతు మించకూడదని లెక్క.

ఇక అసలు సంగతి. నీలం నీళ్లు పది నిమిషాల్లో మంచినీళ్లలా అయిపోతాయి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఫోటో తీసి మీ నాన్నకి పంపుతావు. కానీ రంగు అణువులో రంగునిచ్చే ముడి ఒక్కటి తెగితే చాలు, కంటికి రంగు కనబడదు. మిగతా ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. నేనూ ఒకసారి సీసా ఎత్తి ఓనరుకి చూపించి మురిసిపోయాను. సాయంత్రం సీఓడీ, అంటే నీళ్లలోని మలినాన్ని ఆక్సిజన్ లెక్కలో చెప్పే అంకె, రిపోర్టులో చూస్తే శుద్ధికి ముందుకన్నా ఎక్కువుంది! ల్యాబ్ కుర్రాడి మీద అరిచాను. తప్పు వాడిది కాదు. నీళ్లలో మిగిలిన హైడ్రోజన్ పెరాక్సైడ్ సీఓడీ పరీక్షలో వేసే డైక్రోమేట్‌ను తినేస్తుంది, డైక్రోమేట్ ఎంత ఖర్చయితే అంత మలినమని లెక్క కాబట్టి అంకె పెరిగి కనిపిస్తుంది. నీ ప్లాస్మా నీళ్లలో పెరాక్సైడ్ పుట్టడం ఖాయం. అందుకని ముందు దాన్ని కొలువు, తీసేశాకే సీఓడీ చెయ్యి. నీళ్లలో మిగిలిన సేంద్రియ కార్బన్‌ను కొలిచే టీఓసీ మిషన్ దొరికితే ఇంకా మంచిది.

శాంపిల్ తీసుకున్నాక, రంగు ఎంతుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గర వంతు కోసం నిలబడ్డావనుకో, ఆ సీసాలో మిగిలిన ఓజోన్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. పది నిమిషాల శాంపిల్ కాస్తా ఇరవై నిమిషాలది అవుతుంది. తీసిన వెంటనే, ఓజోన్‌ను ఆపేసే థయోసల్ఫేట్ ఒక చుక్క వెయ్యి. ఆ సీసాని మాత్రం సీఓడీకి వాడకు, థయోసల్ఫేట్ కూడా డైక్రోమేట్‌ను తింటుంది.

గాలితో నడిపితే నైట్రిక్ ఆమ్లం తయారై నీళ్లు పుల్లబడతాయి. మిథైల్ ఆరెంజ్ అనే రంగు తీసుకున్నావంటే పీహెచ్ 3 దిగగానే అది ఎర్రబడుతుంది, అది కాంతిని పీల్చే శిఖరం 464 నానోమీటర్ల నుంచి 500 దాటి జరుగుతుంది. అందుకే అన్ని శాంపిళ్లూ ఒకే పీహెచ్‌కి తెచ్చి, ఒక్క అంకె కాకుండా మొత్తం స్కాన్ తీసుకో. చివర్లో నైట్రేట్ ఎంత చేరిందో కూడా రాయి. అది దాచి రాసిన థీసిస్ నాకు నచ్చదు.

కరెంటు లెక్క చాలామంది తప్పించుకునే చోటు. లీటరు నీళ్లలో 0.1 గ్రాము రంగు, 50 వాట్లు, అరగంట అనుకో. 0.025 యూనిట్. అంటే వెయ్యి లీటర్లకు 25 యూనిట్లు. ఆ 50 వాట్లు ప్లాస్మాలో ఖర్చయినవా, గోడ సాకెట్ నుంచి లాగినవా? సప్లై 200 వాట్లు లాగుతుంటే అవే వెయ్యి లీటర్లకు 100 యూనిట్లు. ఆసిలోస్కోపులో చార్జి, వోల్టేజిల లిసాజు బొమ్మ గీసి ప్లాస్మా ఖర్చు ఒకటి, ప్లగ్ దగ్గర మీటరు పెట్టి మొత్తం ఖర్చు ఇంకొకటి కొలిచి, రెండూ పక్కపక్కన వెయ్యి. డైయింగ్ యూనిట్ ఓనరు చూసేది రెండోదే.

స్వేదన జలంలో కలిపిన రంగుతోనే ఆగిపోకు. నూలుకి రియాక్టివ్ రంగు వేసే తొట్టిలో లీటరుకు 40 నుంచి 80 గ్రాముల ఉప్పు, పైగా సోడా యాష్ ఉంటాయి. ఆ క్లోరైడూ కార్బొనేటూ నీ రాడికల్స్‌ను దారిలోనే పట్టేసుకుంటాయి. హైదరాబాద్‌లోనే ఉన్నావు, పోచంపల్లి దగ్గరే. అద్దకం వేసేవాళ్లని మర్యాదగా అడిగి ఒక క్యాన్ నీళ్లు తెచ్చుకో. రాత్రంతా నిలవ ఉంచితే వాటి గుణం మారుతుంది, తెచ్చిన రోజే పని చెయ్యి. ఉత్త గాలి బుడగలతో ఒకసారి, ఉత్త ఓజోన్‌తో ఒకసారి నడిపి చూడు. ఓజోన్‌కన్నా నీ ప్లాస్మా ఎక్కువేం చేసిందో గైడ్ అడక్కముందే నీ దగ్గర జవాబుండాలి.

నా అభిప్రాయం అడిగితే, ఈటీపీ మొత్తాన్ని ప్లాస్మా నెత్తిన పెట్టకూడదు. బట్ట నుంచి దిగిన గంజిని తినడానికి బాక్టీరియా ఉంది, దాన్ని కరెంటుతో కాల్చడం దండగ. బాక్టీరియా తినలేక వదిలేసిన రంగు దగ్గర ప్లాస్మా పెట్టు. ఉప్పు మాత్రం ఎంత మెరుపు కొట్టినా పోదు, దానికి ఆర్వో కావాల్సిందే. తిరుప్పూరు మీదుగా పారే నొయ్యల్ నది చచ్చింది సగం ఆ ఉప్పుతోనే. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు డైయింగ్ యూనిట్లు మూయించినప్పుడు నీళ్లు చూసి "రంగు లేదుగా" అన్నవాళ్లని నా చెవులతో విన్నాను.

మొదటి నెల అంకెలు ఒకదానికొకటి పొసగవు, టెన్షన్ పడకు. పండక్కి వచ్చేటప్పుడు శుద్ధి చేసిన నీళ్లు రెండు సీసాలు పట్టుకురా, ఒకటి పీహెచ్ 7కి తెచ్చింది, ఒకటి తేనిది. ఇక్కడ తడిగుడ్డ మీద పెసలు పోసి, మన బోరు నీళ్లతో పాటు వాటినీ చల్లి చూద్దాం. ఏ గుడ్డ మీద మొలకలు కుంచించుకుపోతాయో మూడో రోజుకల్లా తెలుస్తుంది. పెద్దమ్మకి మాత్రం ముందే చెప్పు, వంటింట్లో పెసలు కనబడితే పెసరట్టుకి నానబెట్టేస్తుంది.

మీ పెదనాన్న