బ్లర్ తగ్గించే ఆప్షన్ పనిచేస్తలేదు, షాపాయన మానిటర్ వాపస్ తీసుకుంటలేడు, ఏం చెయ్యాలె?

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ నయీంనగర్, బీటెక్ చదువుతున్న. 27 ఇంచుల 165 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్ ఇక్కడి షాపులనే 18,500 పెట్టి కొన్న, బిల్లు మా నాన్న పేరు మీద ఉంది. డబ్బా మీద 1 ఎంఎస్ ఎంపీఆర్‌టీ (ఉరికే బొమ్మ ఎంత మసకగ కనబడ్తదో మిల్లీసెకండ్లల్ల చెప్పే కొలత) అని పెద్దగ రాసుంది, ఫ్రీసింక్ (ఆట ఇచ్చే ఫ్రేముల వేగానికి స్క్రీన్ వేగాన్ని కలిపేది), మోషన్ బ్లర్ రిడక్షన్ (ఆ మసక తగ్గించేది) రెండూ ఒకేసారి నడుస్తయని షాపాయన వాట్సాప్‌ల కూడా పెట్టిండు. ఇంటికొచ్చి చూస్తే ఆ ఆప్షన్ గ్రే అయి ఉంది, నొక్కితే పడుతలేదు. ఫ్రీసింక్ ఆఫ్ చేసినంక ఆన్ అయింది గానీ స్క్రీన్ సగం చీకటి, కింది భాగంల బొమ్మ రెండు రెండుగ కనబడ్తది, గంట ఆడితే తలనొప్పి. సర్వీస్ సెంటరాయన ప్యానెల్ నార్మల్ అన్నడు. షాపాయన బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న లైను చూపిస్తుండు. కొని ఇయ్యాల్టికి 17 రోజులు. స్ట్రీమింగ్ మీద నెలకు కొన్ని పైసలు వస్తయి, దానివల్ల నేను వినియోగదారుణ్ణి కానంటరా?

జవాబు: తమ్ముడూ, వకీలుగ ముందుగల్ల ఆ 17 అన్న అంకె సంగతి చెప్త, మిగతాదంతా తర్వాత. వినియోగదారుల రక్షణ చట్టం 2019ల సెక్షన్ 2(47) అని ఉంది, ఏవేవి అనుచిత వ్యాపార పద్ధతులో అందుల రాసిన్రు, అందుల ఒకటేందంటే లోపమున్న సరుకును వాపస్ తీసుకొని పైసలు ఇయ్యను అనుడు. బిల్లు మీద గడువు ఉంటే ఆ గడువు లోపల, లేకపోతే 30 రోజుల లోపల. మీ బిల్లు మీద గడువు లేదు, "తీసుకోబడదు" అని మాత్రమే ఉంది, ఆ లైను చట్టం కంటే పెద్దది కాదు. అంటే మీ చేతిల ఇంకా 13 రోజులున్నయి, ఆ లోపల మీ మాట కాయితం మీద షాపుకు చేరాలె, నోటితోని వంద సార్లు అడిగినా రేపు వినియోగదారుల కమిషన్ ముందట అది లెక్కకు రాదు.

కానీ ఇక్కడ ఒక మాట జాగ్రత్తగ వినండి. చట్టం "లోపమున్న సరుకు" అన్నది, "నచ్చని సరుకు" అనలేదు. మీరు చెప్పిన మూడు బాధలల్ల ఏది లోపం, ఏది సెట్టింగు, ఏది అబద్ధపు మాట అన్నది విడదీయకుండ అన్నీ కలిపి రాస్తే అవతలి వకీలు మొదటి పేజీలనే పట్టుకుంటడు. అందుకే కొంచెం టెక్నికల్ ముచ్చట చెప్పక తప్పదు, మా అక్క కొడుకు కాజీపేటల ఉంటడు, వాడి గదిల కూసోని రెండు సాయంత్రాలు ఇదంతా నా కండ్లతోని చూసిన.

మీ మానిటర్ 165 హెర్ట్జ్, అంటే సెకనుకు 165 ఫ్రేములు (బొమ్మలు) చూపిస్తది, ఒక్కో ఫ్రేము దగ్గర దగ్గర 6 మిల్లీసెకండ్లు స్క్రీన్ మీద కదలకుండ నిలబడి ఉంటది, మన కన్ను మాత్రం ఉరికే బొమ్మ వెంట ఆగకుండ జరుగుతనే ఉంటది, ఆ తేడా వల్లనే అలికినట్టు కనబడేది. సెకనుకు వెయ్యి పిక్సెళ్ల వేగంతోని బొమ్మ ఉరికితే 6 మిల్లీసెకండ్లకు 6 పిక్సెళ్ల మసక. దీన్ని తగ్గించనీకి బ్యాక్‌లైటును ఫ్రేముకొకసారి కొద్దిసేపు వెలిగించి మిగతా టైమంతా ఆర్పేస్తరు, వెలిగేది 1 మిల్లీసెకండే అయితే మసక కూడా 1 పిక్సెలే. ఈ పద్ధతినే బెన్‌క్యూ వాళ్లు డయాక్ అంటరు, ఎన్విడియా వాళ్లు యూఎల్‌ఎంబీ అంటరు, ఆసుస్ వాళ్లు ఈఎల్‌ఎంబీ అంటరు, పేర్లు వేరు గానీ పని అదే.

ఇప్పుడు మీ డబ్బా మీద రాసిన 1 ఎంఎస్ ఎంపీఆర్‌టీ చూడండి. లైటు ఎప్పుడూ వెలిగే ఉంటే 165 హెర్ట్జ్ మానిటర్‌ల ఎంపీఆర్‌టీ 6 మిల్లీసెకండ్ల కిందికి రాదు, పిక్సెల్ ఎంత జల్ది మారినా రాదు. అంటే ఆ 1 అన్న అంకె నిజం కావాలంటే ఆ బ్లర్ ఆప్షన్ ఆన్‌ల ఉండి తీరాలె. మీ కేసుకు ప్రాణం ఈ ఒక్క ముక్కల ఉంది, గుర్తువెట్టుకోండి.

ఆప్షన్ గ్రే అయి ఉండుడు లోపం కాదు. ఫ్రీసింక్‌ల ఫ్రేముల మధ్య గ్యాపు మారుతా ఉంటది, లైటు ఎప్పుడు కొట్టాల్నో, ఎంతసేపు కొట్టాల్నో లెక్క కుదరది, వెలుగు ఎక్కువ తక్కువ అయితది, అందుకే చానా మానిటర్లల్ల ఒకటి ఆన్ చేస్తే ఇంకోటి మూసుకుంటది. హెచ్‌డీఆర్ (వెలుగు, రంగుల తేడా ఎక్కువగ చూపించేది) ఆన్ ఉన్నా, విండోస్‌ల రిఫ్రెష్ రేటు 60 మీదనే ఉండిపోయినా గట్లనే అయితది. ఆసుస్ వాళ్లు ఈఎల్‌ఎంబీ సింక్ అని రెండూ కలిసి నడిచేటివి అమ్మిన్రు, కాబట్టి షాపాయన "రెండూ నడుస్తయి" అంటే మీరు నమ్ముడు తప్పు కాదు, అట్లాంటి మానిటర్లు బజార్ల ఉన్నయి. ఈ మాట మీ ఫిర్యాదుల తప్పకుండ రాయండి.

చీకటి కూడా లోపం కాదు. లైటు చానా సేపు ఆరిపోయే ఉంటది కాబట్టి వెలుగు తగ్గుడు సహజం. పల్స్ వెడల్పు, అంటే లైటు వెలిగే టైము, పెంచే ఆప్షన్ మీ మెనూల ఉంటే కొంచెం పెంచి చూడండి, వెలుగు వస్తది, మసక కొంచెం పెరుగుతది.

బొమ్మ రెండుగ కనబడుడు, అసలు చూడాల్సింది ఇదీ. మా వాడి మానిటర్‌ల ఈ మసకను పరీక్షించే టెస్ట్‌యూఎఫ్‌ఓ అనే వెబ్ పేజీ తెరిస్తే ఆ పచ్చ బొమ్మ నడిమిట్ల కత్తితోని కోసినట్టు సాఫ్‌గ ఉంది, అదే కిందికి జరిపితే దాని వెనక ఇంకో నీడ బొమ్మ అంటుకొని పోతుంది. ప్యానెల్ పైనుంచి కిందికి వరుసగ మారుకుంట వస్తది కదా, లైటు కొట్టే టైముకు కింది వరుసలు ఇంకా పూర్తిగ మారవు, పాత ఫ్రేము మిగిలిపోయి కనబడ్తది. ఇట్ల లైటు కొట్టుడును స్ట్రోబ్ అంటరు, ఈ నీడను స్ట్రోబ్ క్రాస్‌టాక్ అంటరు. రిఫ్రెష్ రేటు 165 నుంచి 120కి దించినం, పిక్సెళ్లకు టైము దొరికి నీడ సగం పోయింది. పిక్సెళ్లను జల్ది మార్చే ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగును చివరి మెట్టు మీద పెట్టిండు వాడు, నడిమి మెట్టుకు తెచ్చినంక బొమ్మ అంచుల తెల్లగ మెరిసేది కూడా పోయింది. ఇంకోటి, పొద్దుగాల చలిల ఆన్ చేసిన వెంటనే చూడొద్దు, ప్యానెల్ చల్లగ ఉంటే పిక్సెళ్లు మెల్లగ మారుతయి, అరగంట నడిచినంక చూడాలె.

ఆట మొత్తంల రెండు బొమ్మలు కనబడితే మాత్రం అది ఫ్రేముల గొడవ. స్క్రీన్ 120 మీద ఉండి ఆట 60 ఫ్రేములే ఇస్తే ఒక్కో ఫ్రేము మీద లైటు రెండుసార్లు కొడ్తది, కన్నుకు రెండు బొమ్మలు. ఫ్రేములు 120 దగ్గర కట్టేసి వీ-సింక్ (ఆట ఫ్రేములను స్క్రీన్ వేగంతోని కలిపి నడిపేది) ఆన్ చేసి చూడండి, మీ గ్రాఫిక్స్ కార్డు అంత ఇయ్యకపోతే ఆట సెట్టింగులు తగ్గించండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి, పాత హెచ్‌డీఎంఐ కేబుల్‌తోని కొట్లాడకండి.

ఇదంతా వకీలు ఎందుకు చెప్తుండని అనుకోవద్దు. కమిషన్‌ల అవతలోళ్లు మొదలు అడిగేది ఇవే, "ఫలానా సెట్టింగు చేసినవా" అని. చేసి, తారీకు వేసి, ఫలితం ఒక నోట్‌బుక్కుల రాసుకుంటే ఆ ప్రశ్న అక్కడికే ఆగిపోతది. ఈ సెట్టింగులతోని కింది నీడ మొత్తం పోతే నిజాయితీగ ఆ ముచ్చట ఫిర్యాదుల నుంచి తీసెయ్యండి. పోకపోతే, స్క్రీన్ నడిమిట్ల కూడా నీడ ఉంటే, అప్పుడది లోపమే అని గట్టిగ రాయండి.

అయినా మీ బలం అక్కడ లేదు. సెక్షన్ 2(10)ల లోపం అంటే ఏందో చూస్తే, చట్టం ప్రకారం గానీ ఒప్పందం ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత లేకపోవుడు అని రాసి అక్కడ ఆగలేదు, అమ్మేటాయన ఏ రకంగనైనా చెప్పుకున్న ప్రమాణం లేకపోయినా లోపమే అన్నది. ఏ రకంగనైనా, అంటే వాట్సాప్ మెసేజ్ కూడా. మానిటర్ ఫ్యాక్టరీ లెక్కల ఎంత నార్మల్ అయినా సరే, రెండూ ఒకేసారి నడుస్తయని చెప్పి అమ్మిండు, నడుస్తలేవు. సర్వీస్ సెంటరాయన "ప్యానెల్ నార్మల్" అన్నది దీనికి జవాబే కాదు. ఆ మెసేజ్‌ను మాత్రం పాణం లెక్క కాపాడుకోండి, ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చెయ్యకండి. ప్రింట్ తీసి పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచెయ్యండి, కమిషన్‌ల సాక్ష్యం రూల్సు కోర్టంత గట్టిగ నడవవు గానీ ఉంటే ఎదుటోళ్లు నోరెత్తరు.

వీడియో విషయంల ఒక జాగ్రత్త. ఒకాయన నా దగ్గరికి ఇట్లాంటి స్క్రీనే ఫోన్‌ల వీడియో తీసి తెచ్చిండు, నల్ల గీతలు కిందికి మీదికి పారుతున్నయి, ఇదే సాక్ష్యం సార్ అన్నడు. లైటు ఆరుతా వెలుగుతా ఉండే ఏ మానిటర్‌నైనా ఫోన్‌తోని తీస్తే ఆ గీతలు వస్తయి, కంటికి కనబడవు, ఎదుటోళ్లు ఇది కెమెరా దోషమని ఒక్క మాటతోని కొట్టేస్తరు. బొమ్మ ఎంత వేగంతోని పోతుందో ఫోన్‌ను కూడా అదే వేగంతోని పక్కకు జరుపుకుంట తీయండి, కన్ను చూసేది దాంట్ల వస్తది, పది సార్లు తీస్తే ఒకటి కుదురుతది. గ్రే అయిన మెనూను, డబ్బా మీది రాతను, బిల్లును ఒకే వీడియోల కట్ లేకుండ తీయండి.

తలనొప్పికి నష్టపరిహారం అడుగుడు నేను సలహా ఇయ్యను, డాక్టర్ కాయితం లేకుండ నిలవది. ఆట లేనప్పుడు ఆ ఆప్షన్ ఆఫ్ పెట్టండి, ఆ మినుకుమినుకు కొందరి కండ్లకు పడది. ఇంట్ల ఎవరికన్న మూర్ఛ ఉంటే అసలే ఆన్ చెయ్యొద్దు.

మీ చివరి డౌటు. బిల్లు నాన్న పేరు మీద ఉన్నా, కొన్నాయన ఒప్పుకోలుతోని వాడేటోడు కూడా సెక్షన్ 2(7) కింద వినియోగదారుడే. కానీ ఇంకా సాఫ్‌గ ఉండాలంటే నాన్న పేరు మీదనే వెయ్యండి. స్ట్రీమింగ్ పైసల గురించి భయపడకండి, స్వయం ఉపాధితోని బతుకుతెరువు కోసమే కొని వాడితే అది వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టంలనే రాసుంది, మీది అంత దూరం కూడా పోలేదు, చదువుకునే పిల్లవాడు ఆడుకోనీకి కొన్న మానిటర్. అడిగితే దాచకుండ చెప్పండి.

ఇగ పని. ఈ వారంలనే షాపుకు, కంపెనీకి ఇద్దరికీ లెటర్ రాయండి, రిజిస్టర్డ్ పోస్టుల పంపండి, మెయిల్ కూడా కొట్టండి. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు, మీ చేతిరాత లెటరే చాలు. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ల ఫిర్యాదు ఎక్కించుకొని నంబరు రాసుకోండి, చానా కంపెనీలు ఇక్కడనే దిగొస్తయి. దిగిరాకపోతే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్, మీరుండే చోటనే వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. కట్టిన ధర 5 లక్షల లోపల ఉంటే ఫీజు ఒక్క రూపాయి లేదు, వకీలు లేకున్నా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి అనే సర్కారు వెబ్ పోర్టల్‌ల ఇంట్ల కూసోని కూడా వెయ్యొచ్చు. గడువు 2 సంవత్సరాలు ఉంది గానీ అంతదాకా ఆగితే డబ్బా ఉండది, మెసేజ్ ఉండది. ల్యాబ్ టెస్టు మీరే అడగకండి, దాని ఖర్చు ముందుగల్ల ఫిర్యాదు చేసినోళ్లే కట్టాలె, పైగా మీ వాదన ప్యానెల్ మీద కాదు, చెప్పిన మాట మీద. సెక్షన్ 39 కింద మార్పిడి అడగొచ్చు, పైసలు వాపస్ అడగొచ్చు, తిరిగిన ఖర్చులు అడగొచ్చు. మీరు పైసలే అడగండి, ఆ మోడల్‌నే మార్చిస్తే మళ్ల అదే గ్రే బటన్.

లెటర్ల ఇంత రాస్తే చాలు: "ఫలానా తారీకు ఫలానా మోడల్ 18,500 రూపాయలకు మీ దగ్గర కొన్నాను. ఫ్రీసింక్, మోషన్ బ్లర్ రిడక్షన్ రెండూ ఒకేసారి పనిచేస్తాయని మీరు ఫలానా తారీకు వాట్సాప్‌లో రాసి ఇచ్చారు. అవి ఒకేసారి పనిచేయడం లేదు. డబ్బా మీద రాసిన 1 ఎంఎస్ ఆ ఆప్షన్ ఆన్ ఉంటేనే వస్తుంది, అది ఆన్ చేస్తే ఫ్రీసింక్ పోతుంది. సరుకు వాపస్ తీసుకొని 15 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వండి." నాన్న సంతకం, తారీకు. ఇంకో కాపీ చేతిల పట్టుకొని షాపుకు పోయి, దాని మీద ముట్టిందని స్టాంపు వేయించుకోండి, వెయ్యనంటే గొడవ పెట్టుకోకండి, పోస్టాఫీసు రసీదు సరిపోతది.