రాకెట్ ఎగిరే వేళ విమానాలకు దారి ఎటు?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజున విమానాలు అటు రాకుండా ఎలా చూస్తారు? అప్పటికే గాలిలో ఉన్న విమానం సంగతేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: తన గగనతలంలో ఎక్కడ విమానాలు తిరగరాదో నిర్ణయించే అధికారాన్ని 1944 నాటి షికాగో ఒప్పందం ప్రతి దేశానికీ ఇచ్చింది. అయితే ఆ అధికారం నేల మీద, తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు సముద్రం మీద మాత్రమే చెల్లుతుంది. ఆ పైన బంగాళాఖాతంలో నిషేధం విధించడం కుదరదు కనుక, రాకెట్ దశలు కూలే చోట్లను ప్రమాద ప్రాంతాలుగా మాత్రమే ప్రకటిస్తారు. నిషేధం కాదు కదా అని ఏ పైలట్ కూడా అటు పోడనుకోండి!

ఈ ప్రకటననే నోటామ్ అంటారు. ప్రాంతం అంచులు అక్షాంశ రేఖాంశాలలోను, ఎత్తు 'సముద్ర మట్టం నుంచి పరిమితి లేకుండా' అనీ, వేళలు ప్రపంచ ప్రామాణిక కాలంలోను అందులో ఉంటాయి. చంద్రయాన్-3 మన గడియారం ప్రకారం 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కు ఎగిరింది. అదే క్షణం నోటామ్ లెక్కలో 0905. ఈ అయిదున్నర గంటల తేడాను సరిగా లెక్కగట్టడం పైలట్ చేసే మొదటి పని. రెండవది ఇంతకంటే ముఖ్యం. విమానంలోని నావిగేషన్ సమాచారం 28 రోజులకొకసారి మారుతుంది కాబట్టి, నాలుగు రోజుల క్రితం వచ్చిన తాత్కాలిక ఆంక్ష కాక్‌పిట్ తెర మీద కనిపించకపోవచ్చు. తెర మీద గీత లేదంటే ఆ దారి ఖాళీ అని అర్థం కాదు. అందుకే బయలుదేరక ముందే నోటామ్‌లు చదివి, దారి మళ్లించి, ఆ చుట్టుదారికి సరిపడా ఇంధనం నింపుకొంటారు.

ఇక గాలిలో ఉన్న విమానాన్ని నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ రేడియోలో చెప్పి వేరే దారిలో పంపుతారు. చిక్కంతా ఉరుముల మేఘం అడ్డం వచ్చినప్పుడే. మేఘాన్ని తప్పించుకోబోయి ఆంక్షలున్న చోటికి చొరబడే ప్రమాదం ఉంది కనుక, పక్కకు తిరగక ముందే ఎన్ని మైళ్లు, ఎటువైపు కావాలో చెప్పి అనుమతి అడగాలి. మేఘం ముంచుకొచ్చాక అడిగితే సర్దుబాటు చేయడానికి కంట్రోలర్‌కు వ్యవధి మిగలదు. ప్రాణాపాయం ఏర్పడితే మాత్రం నిబంధనను అతిక్రమించే అధికారం కెప్టెన్‌కు ఉంది. రాడార్‌కు విమానం గుర్తింపు పంపే ట్రాన్స్‌పాండర్ మీద అత్యవసర సంకేతమైన 7700 పెట్టి, ఏం చేస్తున్నదీ వెంటనే చెప్పాలి.

ప్రశ్న: తిరుమల కొండ మీదుగా విమానం వెళితే పైలట్ తప్పు చేసినట్టేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాదు. ఆగమ శాస్త్రాన్ని, భద్రతను కారణాలుగా చూపి తిరుమలను నో ఫ్లై జోన్ చేయాలని టీటీడీ పలుమార్లు కోరింది. 2025 మార్చిలో కూడా ఛైర్మన్ కేంద్ర పౌర విమానయాన మంత్రికి లేఖ రాశారు. కోరడం వేరు, అధికారికంగా ప్రకటించడం వేరు. ప్రకటన వెలువడి, హద్దులూ ఎత్తూ అధికారిక పటాలలోకి ఎక్కితేనే అది పైలట్‌ను కట్టడి చేస్తుంది. రేణిగుంట విమానాశ్రయం కొండకు అంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ హద్దులు ఎక్కడ గీయాలన్నదీ తేలికైన విషయం కాదు.