బ్యాంక్ నిఫ్టీ ఎక్కుతుంటే నా బ్యాంకు షేరు ఎందుకు దిగుతోంది?

తమ్ముడూ, బ్యాంకు షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీ పైకి పోతుంటే నీ చేతిలో ఉన్న షేరు మాత్రం దిగుతోందన్నావు. బుక్ వాల్యూలో, అంటే ఒక్కో షేరుకు లెక్కల్లో వచ్చే వాటాదారుల సొంత డబ్బులో, సగం ధరకే దొరుకుతోంది కాబట్టి ఇంకో 60 వేలు పెట్టి యావరేజ్ చెయ్యాలా, అంటే తక్కువ ధరకు ఇంకొన్ని కొని సగటు ధర దించుకోవాలా అని అడిగావు. ఇప్పుడే పెట్టకు.

ఇండెక్స్ సంగతి పక్కన పెట్టు. దాన్ని నడిపేది హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, ఎస్‌బీఐ లాంటి నాలుగైదు పెద్ద బ్యాంకులు. అవి పెరిగాయని నీ చిన్న బ్యాంకు పెరగాలని ఎక్కడా లేదు.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఆడ్తి దుకాణంలో గుమాస్తాను. మిర్చి సీజన్‌లో ఖరీదుదారు బస్తా పైన మెరిసే కాయ చూసి ధర చెప్పడు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు, తొడిమ విరిచి తేమ చూస్తాడు, తాలు, అంటే పాడైన కాయ, ఎంత కలిసిందో చూస్తాడు. రోజూ ఇది చూస్తూ కూడా 2018లో ఒక ప్రైవేటు బ్యాంకు షేరు పైపైన చూసి కొన్నాను. పడ్డకొద్దీ మూడుసార్లు యావరేజ్ చేశాను. చిట్టీ ఎత్తిన పైసలు కూడా అందులోనే పోశాను. మొత్తం 1,40,000 పెడితే అమ్మేనాటికి చేతికొచ్చింది 19 వేలు. ఆ ఏడు ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు.

నాకు అప్పుడు అర్థం కానిది ఈ లెక్క. 100 రూపాయలు అప్పిచ్చిన బ్యాంకులో వాటాదారుల సొంత డబ్బు 10 రూపాయలే ఉందనుకో. 5 రూపాయల అప్పు మొండిబకాయై, అందులో 3 రూపాయలు తిరిగి రాలేదు. అప్పుల్లో పోయింది 3 శాతమే, బుక్ వాల్యూలో పోయింది 30 శాతం. నువ్వు సగం ధర అనుకుంటున్న బుక్ వాల్యూ నిజంగా అంత ఉందా అన్నదే అసలు ప్రశ్న.

అందుకని ఇప్పుడు నేను ముందుగా చూసేది స్లిపేజీలు, అంటే ఒక త్రైమాసికం మూడు నెలల్లో కొత్తగా మొండిబకాయిలైన అప్పులు. గ్రాస్ ఎన్‌పీఏ, అంటే మొత్తం అప్పుల్లో మొండిబకాయిల వాటా, తగ్గిందని సంబరపడితే మోసపోతాం. పాతవి రైటాఫ్ చేసినా, అంటే లెక్కల్లోంచి కొట్టేసినా, ఆ అంకె తగ్గుతుంది. కొత్త తాలు రావడం ఆగిందా లేదా అన్నది స్లిపేజీలోనే తెలుస్తుంది. దాని పక్కనే ప్రొవిజన్ కవరేజీ చూడు, అంటే మొండిబకాయిల్లో ఎంత శాతానికి బ్యాంకు ముందే డబ్బు పక్కన పెట్టిందో. ఈ రెండూ ప్రతి త్రైమాసిక ఫలితాలతో బ్యాంకు పెట్టే ప్రెజెంటేషన్‌లో ఉంటాయి. కనీసం ఎనిమిది త్రైమాసికాలు వరసగా కాగితం మీద రాసుకో.

చవక షేర్లన్నీ ఉచ్చులని కాదు. ప్రభుత్వ బ్యాంకుల గ్రాస్ ఎన్‌పీఏ 2018 మార్చిలో 14.58 శాతం. ఆ తర్వాత ఏటా దిగుతూ వచ్చి, 2024 సెప్టెంబరుకు 3.12 శాతమైంది. అలా దిగుతున్నా, మధ్యలో 2020 మేలో ఎస్‌బీఐ షేరు 150 రూపాయల దగ్గరే దొరికింది. లోపల సరుకు బాగుపడుతున్నా ధర ఇంకా కదలలేదు. అలాంటి చవక నాకు ఇష్టం. నీ షేరు ఆ రకమో, నేను కొన్న రకమో ముందు తేల్చుకో.

ఇంకొకటి, 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో, అంటే బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ రేటు, 6.50 శాతం నుంచి 5.50 శాతానికి దిగింది. రెపోకు ముడిపెట్టిన అప్పుల మీద వడ్డీ మూడు నెలల్లోపే తగ్గుతుంది. ఎఫ్‌డీల మీద ఇచ్చే వడ్డీ మాత్రం గడువు తీరేదాకా తగ్గదు. సేవింగ్స్, కరెంట్ ఖాతాల డబ్బు తక్కువున్న బ్యాంకుకు ఆ మధ్యకాలం గట్టి దెబ్బ. లాభం తగ్గింది దీనివల్లనైతే ఓపిక పట్టొచ్చు. స్లిపేజీల వల్లనైతే వద్దు.

నీ బ్యాంకు స్లిపేజీ అంకెలు ఇక్కడ రాయి. ఆదివారం మార్కెట్ సెలవు, కూర్చుని చూసి చెప్తా.