నాన్న గొంతు ఆపరేషన్‌కి పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. నాన్నగారికి 62 ఏళ్లు. టాన్సిల్ దగ్గర క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. మొదటి దశే అన్నారు. హైదరాబాద్‌లో డాక్టర్‌గారు నోటి గుండా రోబోతో తీసేద్దామన్నారు. ఎస్టిమేట్ 6.5 లక్షలు. 5 లక్షల ఆరోగ్య సంజీవని పాలసీ నాలుగో ఏడాదిలో ఉంది, ఇంతవరకు క్లెయిమ్ చేయలేదు. 3 లక్షల ఎఫ్‌డీ, అమ్మ బంగారం 10 తులాలు ఉన్నాయి. అర ఎకరం అమ్మేద్దామని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పొలం అమ్మకండి అమ్మా. కనీసం ఇప్పుడు వద్దు. అవసరంలో ఉన్నామని తెలిస్తే కొనేవాళ్లు రేటు తగ్గించి అడుగుతారు. మీ లెక్క చూస్తే ఆ పరిస్థితి రాకుండానే గట్టెక్కవచ్చు.

ముందు పాలసీ సంగతి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో తెచ్చిన నిబంధనల వల్ల రోబో సర్జరీకి ఇన్సూరెన్స్ కంపెనీలు అసలే డబ్బు ఇవ్వబోమనడానికి వీల్లేదు. పరిమితి మాత్రం పెట్టుకోవచ్చు. ఆరోగ్య సంజీవనిలో ఆ పరిమితి బీమా మొత్తంలో సగం, అంటే మీకు 2.5 లక్షలు. అందులోనూ 5 శాతం మీరే భరించాలి. కాబట్టి ఆపరేషన్‌కి 2,37,500 రూపాయలే వస్తాయనుకుని మిగతా లెక్క వేసుకోండి. 5 లక్షలూ వస్తాయన్న నమ్మకంతో వెళ్లి, డిశ్చార్జి రోజున బిల్లింగ్ కౌంటర్ దగ్గర కంగారు పడిన కుటుంబాలను చూశాను. మీకు ఆ బాధ రాకూడదు.

ఇంకో మాట. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు మెడలోని లింఫు గ్రంథులు కూడా తీస్తారు. ఆ భాగం సాధారణంగా మెడ మీద కోతతో చేసే మామూలు ఆపరేషనే. ఎస్టిమేట్‌లో దాన్ని విడిగా చూపించమనండి. సగం పరిమితి దానికీ వర్తిస్తుందా అని ఇన్సూరెన్స్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. రోబో పరికరాలను నిర్ణీత సార్లు వాడాక మార్చాల్సిందే, అందుకే వాటి ఖర్చు పెద్దది. ఆ లైను కూడా విడిగా కనబడాలి. గది అద్దె రోజుకు 5,000 దాటకుండా చూసుకోండి. దాటితే ఎక్కువైన అద్దె ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు లాంటి ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో కోత పడుతుంది. చేరడానికి కనీసం 48 గంటల ముందు కంపెనీకి తెలియజేసి క్యాష్‌లెస్‌కి, అంటే కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టేలా, పెట్టండి. చేరే ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల స్కాన్లు, మందుల బిల్లులు కూడా క్లెయిమ్‌లోకి వస్తాయి. బయాప్సీ బిల్లు నుంచి అన్నీ ఒక ఫైల్లో పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. అందరూ రోబో బిల్లు చూసి భయపడతారు. దూరం నుంచి వెళ్లేవాళ్లకు దెబ్బ తగిలేది ఆ తర్వాతి వారాల్లో. నోటి గుండా చేసే ఈ ఆపరేషన్‌లో దవడ ఎముక కోయక్కర్లేదు, త్వరగా డిశ్చార్జి చేస్తారు, అది నిజమే. అయితే లోపలి గాయం మానేలోపు, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో, గొంతులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. రాత్రి బస్సులో దారి మధ్యలో అలా జరిగితే? అందుకే డాక్టర్‌గారు సరే అనేదాకా ఆసుపత్రికి దగ్గర్లోనే గది తీసుకోండి. కొందరికి కొన్నాళ్లు ముక్కు ట్యూబ్ ద్వారానే ఆహారం, ఆ తర్వాత మింగడానికి థెరపీ అవసరమవుతాయి. గది, తిండి, ప్రయాణాలకు పాలసీ నుంచి రూపాయి రాదు. వీటికి లక్ష రూపాయలు పక్కన పెట్టమంటాను.

లెక్క ఇలా వేశాను. 6.5 లక్షల్లో ఇన్సూరెన్స్ పోగా 4,12,500. ఎఫ్‌డీ తీసేయండి, కాస్త వడ్డీ పోయినా ఫర్వాలేదు. మిగిలిన 1,12,500కి ఆ లక్ష కలిపితే 2.12 లక్షలు. అమ్మ బంగారంలో కొంత బ్యాంకులో తాకట్టు పెడితే ఇది సరిపోతుంది. పర్సనల్ లోన్ జోలికి వెళ్లొద్దు.

తీసిన గడ్డ రిపోర్టు వచ్చాక కొందరికి రేడియేషన్ కూడా చెబుతారు. వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఆరు వారాలు. అన్నాళ్లు హైదరాబాద్‌లో ఉండనక్కర్లేదు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, మీకు చాలా దగ్గర. ఆపరేషన్ తర్వాత ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలంటారు కాబట్టి రిపోర్టు కోసం ఆగకుండా ఇప్పుడే అక్కడ కార్డు చేయించుకోండి. పాలసీలో మిగిలిన సగం, పైన ఏడాదికి 5 శాతం చొప్పున చేరిన బోనస్ అప్పుడు అక్కరకొస్తాయి. రేషన్ కార్డు ఉంటే ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద ఏమేం వస్తాయో ఆసుపత్రిలోనే అడగండి.

అగనంపూడి వెళ్లినప్పుడే రెండో అభిప్రాయం కూడా తీసుకోండి. ఇది డబ్బు మిగల్చడానికి చెప్పడం లేదు. మొదటి దశ గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ లేకుండా రేడియేషన్‌తోనూ వైద్యం చేస్తారు. 68 మందితో జరిగిన ఒరేటర్ అనే అధ్యయనం 2019లో వచ్చింది. ఏడాది తర్వాత మింగడంలో రేడియేషన్ వాళ్లే కొంచెం మెరుగ్గా ఉన్నా, తేడా పెద్దది కాదని తేల్చారు. నాన్నగారికి ఏది మంచిదో చెప్పాల్సింది డాక్టర్లే. రోబోతో చేసినా తర్వాత రేడియేషన్ పడే అవకాశం ఎంత అని మాత్రం సూటిగా అడగండి. ఎక్కువే అంటే రెండు వైద్యాల ఖర్చు కలిపి లెక్క మళ్లీ వేయాలి.

రైలుకైతే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో మూల ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే రాయితీ ఫారం రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించాలి. వెళ్లడానికే టికెట్ తీయండి. తిరుగు టికెట్ డాక్టర్‌గారు ఇంటికి వెళ్లొచ్చని చెప్పాకే.