బాస్కెట్‌బాల్ కోచ్ కావాలంటున్న అబ్బాయి: విశ్వాసం, సేవ, జీతం గురించి ఒక తల్లి సందేహాలు

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా డల్లాస్ శివార్లలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతూ, స్కూలు జూనియర్ వర్సిటీ (ప్రధాన జట్టు కింద ఉండే రెండో జట్టు) తరఫున బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. కంప్యూటర్ సైన్స్‌లో చేరతాడని మేమనుకుంటుంటే, హైస్కూల్ బాస్కెట్‌బాల్ కోచ్‌నవుతానని పట్టుబట్టాడు. వాళ్ల కోచ్ అంటే మా వాడికి ఎంతో గౌరవం. ఆయన భక్తిపరుడైన క్రైస్తవుడు. జట్టును ఫుడ్ బ్యాంకుకు తీసుకువెళ్లి పని చేయిస్తారు, పిల్లల మార్కులు కనిపెట్టుకుని ఉంటారు. అదంతా మాకూ నచ్చింది. కానీ ఈ వృత్తిలో చర్చి పరిచయాలకూ ప్రార్థనలకూ ప్రాధాన్యం ఎక్కువని విన్నాం. హిందూ కుటుంబంలో పుట్టిన మా వాడికి అక్కడ చోటుంటుందా? ఉన్నా, ఆ సంపాదనతో బతకగలడా? మా వారు ససేమిరా అంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. టెక్సాస్ పబ్లిక్ (అంటే ప్రభుత్వ) స్కూళ్లలో బాస్కెట్‌బాల్ కోచ్ అనేది విడిగా ఉండే ఉద్యోగం కాదు. రాష్ట్రంలో స్కూలు పోటీలను నడిపే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ నిబంధనల ప్రకారం, రిటైరైన టీచర్ల వంటి కొద్దిమందిని మినహాయిస్తే, కోచ్ ఆ స్కూల్ డిస్ట్రిక్టులో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలో) పూర్తికాలపు ఉద్యోగి అయి ఉండాలి. ఆచరణలో అంటే పగలు తరగతిలో పాఠం చెప్పి, సాయంత్రం జిమ్‌లో అడుగుపెట్టే టీచరు అన్నమాట. కాబట్టి మీ అబ్బాయి నిజానికి టీచర్‌నవుతానని చెబుతున్నాడు, మీ ఇంట్లో చర్చ కూడా దాని మీదే జరగాలి. ఆట సంగతి పక్కన పెట్టినా, లెక్క అర్థంకాని పిల్లవాడికి అదే లెక్క నాలుగోసారి చెప్పే ఓపిక అతనికి ఉందా అని ముందు చూడండి. ఆట మీద ప్రాణం పెట్టుకుని, తరగతి గదిని తప్పనిసరి శిక్షగా భావించేవాళ్లు ఈ వృత్తిలో ఎక్కువ కాలం నిలవరు.

ఇక విశ్వాసం సంగతి. ఈ ఆటలో మతపరమైన వాతావరణం నిన్నమొన్న వచ్చి చేరింది కాదు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్‌ను రూపొందించిన జేమ్స్ నైస్మిత్ అంతకు ముందు మాంట్రియల్‌లో దైవశాస్త్రం చదివినవాడు. ఆయన పనిచేసింది వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ యువజన సంఘపు శిక్షణ పాఠశాలలో. వేదిక మీద నుంచి చెప్పే ధర్మం కంటే ఆటస్థలంలో నేర్పే నడవడి యువకులకు బాగా అబ్బుతుందన్న నమ్మకంతోనే ఆయన చర్చి ఉద్యోగం వైపు కాకుండా వ్యాయామ విద్య వైపు వచ్చాడు. (కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్‌లుగా పనిచేసినవారిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న ఒకే ఒక్కరు ఈ ఆటను కనిపెట్టిన ఈయనే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.) స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచే వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. మన దక్షిణాది స్కూళ్లకు ఎందరో డ్రిల్లు మాస్టార్లు అక్కడి నుంచే తయారై వచ్చారు, వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. అంటే క్రైస్తవ సేవాభావంతో మొదలైన ఈ బోధన ఇతర మతాలవారి చేతుల్లోకి వెళ్లి ఇప్పటికే నూరేళ్లయింది.

చట్టం మాటకొస్తే, మీ పరిసరాల్లోనే దీనికి చరిత్ర ఉంది. డల్లాస్ పక్కనున్న డంకన్‌విల్‌లో 12 ఏళ్ల అమ్మాయి స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో చేరేసరికి, కోచ్‌తో కలిసి జట్టంతా ప్రార్థన చేయడం అక్కడ ఆనవాయితీగా ఉండేది. ఇష్టం లేక ఆమె విడిగా నిలబడితే తోటివారి నుంచీ ప్రేక్షకుల నుంచీ మాటలు పడవలసి వచ్చింది. కుటుంబం కోర్టుకు వెళ్లగా, స్కూలు ఉద్యోగులు విద్యార్థుల ప్రార్థనలను నడిపించడం గానీ వాటిలో పాలుపంచుకోవడం గానీ కూడదని 1995లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (టెక్సాస్ కేసులు వినే ఫెడరల్ కోర్టు) చెప్పింది. శాంటా ఫే అనే మరో టెక్సాస్ స్కూల్ డిస్ట్రిక్టులో ఫుట్‌బాల్ ఆటలకు ముందు మైకులో విద్యార్థి చేత ప్రార్థన చెప్పించే పద్ధతిని 2000లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయితే 2022లో గాలి కొంత మళ్లింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమెర్టన్‌లో, ఆట అయిపోయాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థించుకునే ఒక ఫుట్‌బాల్ అసిస్టెంట్ కోచ్ పక్షాన సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో తీర్పిచ్చింది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి తన విశ్వాసాన్ని గుమ్మం బయట వదిలిరానక్కరలేదన్నది ఈ తీర్పు సారాంశం. కానీ తన ప్రార్థనలో పిల్లలను నిలబెట్టే హక్కును అది కోచ్‌కు ఇచ్చిందని నేననుకోను, ఎందుకంటే ఆ ప్రార్థనలో చేరాలని విద్యార్థుల మీద ఒత్తిడి లేదన్న అంశం మీదే ఆ తీర్పు ఆధారపడింది.

స్కూళ్లలో కనబడే ఫెలోషిప్ ఆఫ్ క్రిస్టియన్ అథ్లెట్స్ బృందాల గురించి కూడా మీకు అనుమానం ఉండవచ్చు. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం కింద ఇవి విద్యార్థులు నడుపుకునే క్లబ్బులు. టీచర్లు పర్యవేక్షణకు హాజరు కావచ్చు గానీ కార్యక్రమంలో పాల్గొనకూడదు. అదే చట్టం కింద హిందూ విద్యార్థులూ తమ బృందాన్ని పెట్టుకోవచ్చు. మీ అబ్బాయి అక్కడికి వెళ్లాలా వద్దా అన్నది అతనూ మీరూ కలిసి నిర్ణయించుకోవలసిన విషయం. వెళ్లనంత మాత్రాన ఆటలో దక్కే నిమిషాలు తగ్గితే మాత్రం అది ప్రిన్సిపాల్ దగ్గరకు తీసుకెళ్లదగిన విషయం.

ఉద్యోగాల విషయంలో దాచుకోకుండా చెబుతాను. క్రైస్తవ ప్రైవేటు స్కూళ్లు తమ మతస్థులనే నియమించుకోవడానికి చట్టం చాలావరకు అవకాశమిస్తుంది, విశ్వాస ప్రకటన మీద సంతకం అడిగే స్కూళ్లున్నాయి. ఆ తలుపు మీ వాడికి దాదాపు మూసుకున్నట్టే. పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టు మాత్రం అభ్యర్థి మతం చూసి ఉద్యోగం ఇవ్వడమూ నిరాకరించడమూ రెండూ చట్టవిరుద్ధమే. చిన్న ఊళ్లలో ఆదివారం చర్చిలో కలిసేవాళ్ల మధ్య మాట సాయం నడవదని నేననను. మీరుండే శివారు డిస్ట్రిక్టుల్లో, సగం క్లాసు ఆసియా పిల్లలే ఉండే స్కూళ్లలో, దాని పాత్ర తక్కువ. పైగా అలాంటి చోట మన కుటుంబాల భాషా, భయాలూ తెలిసిన కోచ్ ఒకరుండడం స్కూలుకు లాభమేనని ప్రిన్సిపాళ్లకు తెలుసు.

మీ అబ్బాయి తన కోచ్‌లో చూసి మెచ్చుకున్నది ఏమిటో ఒకసారి విడదీసి చూడండి. మేరీలాండ్‌లోని డిమాథా కాథలిక్ హైస్కూల్లో 1956 నుంచి 2002 దాకా కోచ్‌గా ఉన్న మోర్గన్ వూటెన్ 1,274 ఆటలు గెలిచి హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. 1965లో, తర్వాత బాస్కెట్‌బాల్ దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్‌గా పేరుపొందిన కుర్రవాడు ఆడుతున్న న్యూయార్క్ స్కూలు పవర్ మెమోరియల్ జట్టు 71 ఆటల విజయ పరంపరకు తెరదించింది ఆయన జట్టే. కానీ ఆయన ఈ దారిలోకి అడుగుపెట్టింది ఒక అనాథాశ్రమం పిల్లలకు ఆట నేర్పే పనితో. ఆ తర్వాత స్కూల్లో చరిత్ర పాఠాలు చెబుతూనే కోచింగు చేశాడు, కాలేజీల నుంచి పిలుపులు వచ్చినా హైస్కూలును వదల్లేదు. దేవుడు, కుటుంబం, చదువు, ఆ తర్వాతే బాస్కెట్‌బాల్ అని పిల్లలకు చెప్పేవాడు. న్యూజెర్సీలో, మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే జెర్సీ సిటీలో, సెయింట్ ఆంథనీ స్కూలు కోచ్ బాబ్ హర్లీ ఇంకో రకం మనిషి, నోరు కటువు. ఆ స్కూలుకు సొంత జిమ్ కూడా ఉండేది కాదు. హర్లీ ఏళ్ల తరబడి ప్రొబేషన్ అధికారిగా, అంటే కేసుల్లో ఇరుక్కుని కోర్టు నిఘాలో ఉన్నవారిని కనిపెట్టుకునే ఉద్యోగంలో ఉంటూ, సాయంత్రాలు పేదవాడల పిల్లలకు కోచింగు ఇచ్చాడు. 28 రాష్ట్ర టైటిళ్లు గెలిచినా, డబ్బు చాలక ఆ స్కూలు 2017లో మూతపడింది. ఈ ఇద్దరి విశ్వాసమూ ఆట ముందు చేసిన ప్రార్థనలో కంటే, పెద్ద జీతాలు పిలిచినా ఏళ్ల తరబడి అదే పిల్లల మధ్య ఉండిపోవడంలో కనిపిస్తుంది. అలా ఉండిపోవడానికి ఫలానా మతం కావాలని ఎవరూ అనలేరు. మీ అబ్బాయికి ఆ ఓర్మి మీ పూజగది నుంచి వచ్చినా, అమ్మమ్మ నేర్పిన మాట నుంచి వచ్చినా జిమ్‌లో దాని విలువ ఒకటే.

వ్యక్తిత్వం అనేది ఈ వృత్తిలో గోడ మీద రాసుకునే నినాదంగా ఉండదు, నష్టం తెచ్చే నిర్ణయంగా వచ్చి కూర్చుంటుంది. టెక్సాస్‌లో 1984 నుంచి ‘పాస్ కాకపోతే ఆట లేదు’ అనే చట్టం ఉంది. మార్కుల కాలం ముగిసేసరికి, కొన్ని ఉన్నతస్థాయి కోర్సులు మినహా, ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే, ఆ విద్యార్థి కనీసం మూడు వారాలు పోటీల్లో ఆడకూడదు. గెలవాల్సిన ఆటకు ముందు రోజు జట్టులోకెల్లా గొప్ప ఆటగాడికి ఆల్జీబ్రాలో 68 వచ్చిందనుకోండి, ఆ లెక్కల టీచరు గదికి వెళ్లి రెండు మార్కులు అడగకుండా ఉండగలగడం కోచ్‌కు అసలైన పరీక్ష. 1999లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ హైస్కూల్ కోచ్ కెన్ కార్టర్, ఒక్క ఆట కూడా ఓడని తన జట్టుకు చదువులో మాట తప్పారన్న కారణంతో జిమ్‌కు తాళం వేసినప్పుడు మొదట మండిపడ్డవాళ్లలో తల్లిదండ్రులూ ఉన్నారు. మీ అబ్బాయిని అడగండి: తన జట్టు ఓడినా సరేనని నిర్ణయం తీసుకుని, మర్నాడు ఒక తండ్రి పార్కింగ్ స్థలంలో అరుస్తుంటే నిలబడి వినగలడా?

జీతం గురించి మీవారికి సూటిగా చెప్పవచ్చు. డల్లాస్ చుట్టుపక్కల పెద్ద డిస్ట్రిక్టుల్లో కొత్త టీచరుకు ఏడాదికి దాదాపు 60,000 డాలర్లు వస్తాయి. కోచింగుకు విడిగా ఇచ్చే స్టైపెండ్ కొత్తవాళ్లకు కొన్ని వేలే, వెచ్చించిన గంటలతో భాగిస్తే అది చెప్పుకోదగ్గది కాదు. మొదటి కొన్నేళ్లు మిడిల్ స్కూల్లోనో తొమ్మిదో తరగతి జట్టుతోనో గడుస్తాయి. ఫుట్‌బాల్, ట్రాక్ కూడా చూడమంటారు, చాలా చోట్ల బస్సు నడిపే లైసెన్సు తెచ్చుకోమంటారు. చలికాలంలో మంగళ, శుక్రవారాల రాత్రులు ఆటలతోనూ, శనివారాలు టోర్నమెంట్లతోనూ పోతాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో వచ్చే ఎదుగుదల ఇందులో రాదు. రాష్ట్ర టీచర్ల పెన్షన్, సెలవులు, ఆరోగ్య బీమా ఉంటాయి. ఇల్లు గడుస్తుంది, ఆడంబరం కుదరదు.

ఇక్కడే నా సలహా. కోచ్ ఖాళీలు టీచరు ఖాళీలతో ముడిపడి ఉంటాయి. సోషల్ స్టడీస్ చెప్పగల కోచ్‌లు కోకొల్లలు, లెక్కలు, సైన్స్, కంప్యూటర్ చెప్పగలిగేవాళ్లు దొరకరు. 1997లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మొదలైన యూటీచ్ పద్ధతిలో నాలుగేళ్లలోనే గణితం లేదా కంప్యూటర్ సైన్స్ వంటి డిగ్రీతో పాటు టీచరు సర్టిఫికేషన్‌కు కావలసిన శిక్షణా పూర్తవుతుంది. మీకు దగ్గర్లోని రిచర్డ్‌సన్, డెంటన్ విశ్వవిద్యాలయాలలోనూ ఇదే తరహా కార్యక్రమాలు నడిచాయి, దరఖాస్తుకు ముందు ఈ ఏటి వివరాలు అడగండి. అలా చదివితే మీరు కోరిన డిగ్రీ అతని చేతిలో ఉంటుంది, అతను కోరిన ఉద్యోగానికి పోటీలో ముందూ ఉంటాడు. మీవారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతితోనే మొదలుపెట్టండి.

ఈ వేసవిలో అతన్ని ఊరి రిక్రియేషన్ సెంటర్‌లోనో వై.ఎం.సి.ఏ.లోనో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల జట్టుకు స్వచ్ఛంద అసిస్టెంట్‌గా చేరమనండి. కుదిరితే చిన్నపిల్లల ఆటలకు రెఫరీగా కూడా చేయమనండి, ఎందుకంటే రెండు వైపులా తిట్లు తింటూ నిష్పక్షపాతంగా ఉండడం అక్కడ అబ్బినంత బాగా ఇంకెక్కడా అబ్బదు. బంతి పట్టుకోవడం కూడా రాని పిల్లవాడి దగ్గర అతను ఎంతసేపు ఆగుతున్నాడో మీరు గ్యాలరీలో కూర్చుని గమనించండి. కాలేజీలో చేరాక ఆడే అవకాశం రాకపోయినా, జట్టుకు స్టూడెంట్ మేనేజర్‌గా చేరి వీడియోలు కత్తిరించడం, గణాంకాలు రాయడం, ప్రాక్టీసు సిద్ధం చేయడం నేర్చుకోవచ్చు. ఆ చోటు కోసం మొదటి సెమిస్టరు మొదలవక ముందే, వేసవిలోనే, ఆ జట్టు కోచ్‌కు తనే ఈమెయిల్ రాయాలి, మీరు రాసిపెట్టకండి.