పెళ్ళి పందిరికి ఫిష్‌ఐ లెన్స్ కొనొచ్చా?

ప్రశ్న: సార్, నా దగ్గర నికాన్ డీ5600 ఉంది. గుడి మండపాలు, పెళ్ళి పందిళ్ళు మొత్తం ఒకే ఫొటోలో పట్టేలా ఫిష్‌ఐ (అంచుల్ని వంచేసి చాలా వెడల్పుగా చూపే లెన్స్) తీసుకుందామని. సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ 10.5 ఎంఎం, సామ్యాంగ్ 8 ఎంఎం రెండూ దొరుకుతున్నాయి. ఏది మేలు? షాపులో ఏం చూసుకోవాలి?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆటోఫోకస్ కోసం నికాన్‌దే కొందామనుకుంటే ఆగండి. మీ కెమెరా బాడీలో ఫోకస్ తిప్పే మోటార్ లేదు, ఆ 10.5లోనూ లేదు, ఏది కొన్నా రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. అదేం కష్టం కాదులెండి, 8 ఎంఎంలో అపర్చర్ (వెలుగొచ్చే రంధ్రం) ఎఫ్8 పెట్టి అర మీటరు దగ్గర ఫోకస్ చేసి వదిలేస్తే జానెడు దూరం నుంచి ఆ చివర కొండ దాకా అంతా షార్ప్‌గానే వస్తుంది. రెండూ మీ కెమెరా మీద మూల నుంచి మూలకి 180 డిగ్రీలు చూస్తాయి కానీ అంచుల్లో మనుషుల్ని సామ్యాంగ్ తక్కువ నొక్కుతుంది, అందుకే నా ఓటు దానికే. చిప్ ఉన్న ఏఈ మోడలే అడగండి, అది లేకపోతే మీ కెమెరాలో మీటరింగ్ (వెలుతురు కొలవడం) పనిచేయదు.

షాపు బయటికొచ్చి దూరంగా ఉన్న సెల్ టవర్‌ని లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) పెద్దది చేసి చూడండి, క్లియర్‌గా వచ్చేసరికి రింగు ఇన్ఫినిటీ (చాలా దూరం అని చెప్పే ∞) గుర్తు దగ్గర ఉందా లేదా (కొన్ని పీసుల్లో ఆ అంకెలు ఉత్తుత్తివే). తర్వాత అదే టవర్‌ని నాలుగు మూలల్లోనూ పెట్టి తీయండి, ఒక్క మూలే మసగ్గా ఉంటే లోపల గ్లాస్ పక్కకి జరిగినట్టే, వదిలేయండి. ముందు గ్లాసు ఉబ్బెత్తుగా ఉంటుంది, ఫిల్టర్ పెట్టే వీల్లేదు, కాబట్టి గీతలున్నాయేమో ఫోన్ టార్చ్ వేసి చూడాలి.

ఇక మీకు దగ్గర్లోనే లేపాక్షి ఉంది, మండపం మధ్యలో కెమెరా నేలమీద పెట్టి పైకి తీస్తే కప్పు మీద బొమ్మలూ చుట్టూ స్తంభాలూ ఒకేసారి వస్తాయి, స్తంభాలన్నీ మధ్యకి వాలినట్టుంటాయి, ఆ ఒక్క ఫొటోకే లెన్స్ డబ్బులు గిట్టుబాటు. పెళ్ళిళ్ళలోనే జాగ్రత్త. మా ఇంట్లో పెళ్ళికి గ్రూప్ ఫొటో దీంతోనే తీశా, చివర్న నిలబడ్డ మేనత్త విల్లులా వంగిపోయింది, ఆ ఆల్బమ్ ఇప్పటికీ నా ఎదురుగా తెరవదు. గ్రూప్ ఫొటోలకి కెమెరాతో వచ్చిన మీ కిట్ లెన్సే వాడండి.