కీమో అయ్యాక అమ్మ బయటికి రానంటోంది, ఏం చేయాలి? – సమాధానం

రిపోర్టులు బాగున్నా అమ్మగారు గది దాటడం లేదంటే అది మొండితనం కాదు, చాలావరకు క్యాన్సర్ చికిత్స మిగిల్చిన నీరసం. పడుకుంటే తీరే అలసట కాదిది, కీమో, రేడియేషన్ ముగిశాక కూడా నెలల తరబడి ఉండొచ్చు. పైగా ఇన్నాళ్లూ ఆసుపత్రి తేదీల చుట్టూ తిరిగిన రోజులు ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి, జబ్బు మళ్లీ వస్తుందేమోనన్న భయం అప్పుడే పైకొస్తుంది. అలాంటి మనిషిని మొదటిరోజే హైదరాబాద్ కేబీఆర్ పార్కులాంటి పెద్ద పార్కు చుట్టూ తిప్పడం చాలా ఎక్కువ.

1. ముందు డాక్టర్‌ని అడిగి రక్తహీనత, థైరాయిడ్ చూపించండి.

2. మొదటి వారం నడక ఊసే వద్దు. పొద్దున్నే, ఇంటికి దగ్గర్లో చెట్టు నీడన పది నిమిషాలు కూర్చోబెట్టండి. పరామర్శలు చేసేవాళ్లు తగలని వేళ అయితే మరీ మంచిది.

3. తర్వాత ఐదు నిమిషాల నడక. అందరూ వదిలేసేది ఇక్కడే: ఓపిక ఉన్న రోజు కూడా అంతే నడిచి ఆపేయాలి. ఇవాళ బాగుంది కదా అని అరగంట తిప్పితే మర్నాడు మంచం దిగలేరు, "ఇక నావల్ల కాదు" అన్న ఆలోచన ఇంకా గట్టిపడుతుంది. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి, చాలు.

4. రేడియేషన్ ఇచ్చిన చోట ఎండ పడకుండా నూలు బట్ట కప్పండి. చంకలో లింఫ్ గ్రంథులు (ఇన్ఫెక్షన్లను అడ్డుకునే చిన్న గ్రంథులు) తీసి ఉంటే, మొక్కల పని చేసేటప్పుడు ఆ వైపు చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

రెండు వారాలు దాటినా ఏడుపు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. బతకాలని లేదని అంటే మాత్రం అదే రోజు తీసుకెళ్లండి.